ఉత్తరం వంపు

ఆగస్టు 3

పూజ్యులైన అన్నయ్యకు,

నీ చెల్లెలు చేతులు జోడించి రాస్తున్న ఉత్తరం. నువ్వూ, వదినా, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేనూ క్షేమమే. ఉత్తరం అన్నాక అలా మొదలుపెట్టాలని నాన్న నేర్పాడు కాబట్టి రాశాను. క్షేమమో కాదో మొత్తం చదివాక నువ్వే చెప్పు.

నీకు ఉత్తరం రాయాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. వదిన ఎత్తి, మీ అన్నయ్య స్నానానికి వెళ్ళారు అంటుంది. పొద్దున స్నానం, మధ్యాహ్నం స్నానం, సాయంత్రం స్నానం. ఇన్ని స్నానాలు చేసే మనిషి ఊరు మొత్తం మీద నువ్వొక్కడివే అయ్యుంటావు. పాపం వదినకి అబద్ధం ఆడటం చేతకాదు, ఆ మాట అంటున్నంతసేపూ వెనకనుంచి నీ దగ్గు నాకు వినబడుతూనే ఉంటుంది. అందుకని ఉత్తరం. దీన్ని చింపెయ్యగలవు గానీ స్నానానికి వెళ్ళానని తప్పించుకోలేవు.

రేవు దగ్గర మా చేపల శాఖ ఆఫీసు గది అద్దాలు పగిలిన మర్నాడే నన్ను జీపెక్కించి హెడ్డాఫీసుకు తీసుకొచ్చేశారు. మూడో అంతస్తులో లైబ్రరీ పక్కన, ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే ఉండటానికి ఒక గది ఉంది. అందులో పెట్టారు. కిటికీకి ఎప్పుడో రంగు వేసినప్పుడు రెక్కలనీ చట్రాన్నీ కలిపి పూసేసినట్టున్నారు, అరచెయ్యి పట్టేంత తెరుచుకుని ఆగిపోతుంది. ఆ సందులోంచి చూస్తే ఎదురు బిల్డింగు ఏసీ డబ్బాల వీపులు కనిపిస్తాయి. సముద్రం మీద పనిచేసేదాన్ని సముద్రం గాలి కూడా సోకని చోట కూర్చోబెట్టారు. లిఫ్టు కార్డు పెడితే గానీ కదలదు. కార్డు సెక్యూరిటీ అతని దగ్గర ఉంటుంది. మనిషి మంచివాడే. మీ సేఫ్టీ కోసమే కదా మేడమ్ అంటాడు. టీ అడిగితే తెస్తాడు, కిందికి వెళ్ళొస్తానంటే మాత్రం డైరెక్టరు గారితో మాట్లాడండి అంటాడు. డైరెక్టరు గారితో మాట్లాడితే, నీ నివేదిక మీద కమిటీ విచారణ అయ్యేదాకా కాస్త ఓపిక పట్టమ్మా అంటారు.

అద్దాలు పగలగొట్టింది నువ్వు కాదని నాకు తెలుసు. ఎవరో తెలుసుకోవాలని కూడా నాకు లేదు. 

అసలు సంగతికి వస్తాను. నేను ఉత్తరం వంపులో వేట మూయించేస్తున్నానని మీరంతా అనుకుంటున్నారు. (ఉత్తరం వంపు గురించి ఉత్తరం రాస్తున్నానని నాలో నేనే నవ్వుకున్నాను. ఇక్కడ చెప్పుకోవడానికి ఎవరూ లేరు, నీకే చెబుతున్నాను.) తీరం లోపలికి వంగిన ఆ నీళ్ళలోనే నాన్న మనిద్దరికీ ఈత నేర్పాడు. ఇవాళ నీ పడవా, నీ తోటివాళ్ళ పడవలూ బతుకుతున్నది దాని మీదే. ఆ సంగతి నువ్వు నాకు గుర్తుచెయ్యక్కర్లేదు. విచారణలో ఎలాగూ పెద్ద పెద్ద మాటలు దొర్లుతాయి. అంతకన్నా ముందు మన మాటల్లో నీకు చెప్పాలని ఉంది.

లైట్‌హౌస్ రాళ్ళ చుట్టూ వేట ఆపేసిన రోజుల్లో నువ్వెంత తిట్టుకున్నావో గుర్తుందా? నేను అప్పుడే ఉద్యోగంలో చేరాను. ఆపకముందే మేం నీళ్ళలోకి దిగి అక్కడ చేపలు లెక్కపెట్టాం. అలాంటి రాళ్ళే, అంత లోతులోనే, కాస్త అవతల వేట జరిగే చోట కూడా లెక్కపెట్టాం. ఆ తర్వాత ఏటేటా రెండు చోట్లా అదే పని. నేను పడవెక్కితే వాంతులు చేసుకుంటానని నువ్వు వాంతుల శాస్త్రవేత్త అని పేరు పెట్టావు కదా, ఆ వాంతులన్నీ ఈ లెక్క కోసమే. మొదట్లో ఏ తేడా కనిపించలేదు. డబ్బు దండగ అన్నారు పైవాళ్ళు. ఆ తర్వాత మెల్లగా, మూసిన చోట చేపలు పెరగడం మొదలైంది. సంఖ్యే కాదు, ఒళ్ళు చేశాయి. మూయని చోట ఎప్పటిలాగే సన్నపీనుగులు. అది మొదటినుంచీ మంచి చోటేమో, వదిలేసినా పెరిగేవేమో అని ఎవరూ అనడానికి లేదు. ముందటి లెక్కా ఉంది, పక్క లెక్కా ఉంది.

ఇంకో సంగతి. ఒక పెద్ద తల్లి చేప పెట్టినన్ని గుడ్లు, దానంత బరువు తూగే చిన్న చేపలన్నీ కలిసినా పెట్టలేవు. మనం వెతికి వెతికి పట్టేది ఆ తల్లుల్నే. రాళ్ళ దగ్గర మిగిలిన తల్లుల పిల్లలు ఎటు పోతున్నాయో కూడా చూశాం. పిల్ల చేప రెక్క కొసన చిన్న ముక్క తీసి, తల్లి రెక్క ముక్కతో పోల్చే పరీక్ష ఉంది. ఫలానావాడి బిడ్డ ఫలానా అని కోర్టుల్లో తేల్చే పరీక్ష లాంటిదే. నీ వలలో పడిన వాటిలో చాలావాటికి తల్లి ఆ రాళ్ళ దగ్గరే తేలింది. నువ్వు తిట్టిపోసిన ఆ వేట నిషేధపు గీత లోపల పుట్టినవే నీ ఇంటికి వస్తున్నాయి అన్నయ్యా. కోపం తెచ్చుకోకు.

అయితే ఆ గీత మరీ చిన్నది. కొన్ని చేపల ఒంట్లో చప్పుడు చేసే చిన్న గొట్టం అమర్చి, అడుగున ఆ చప్పుడు వినే పెట్టెలు దించాం. చిన్నప్పుడు అవి రాళ్ళ దగ్గర ఉండవు. వంపులో పెరిగే సముద్రపు గడ్డిలో ఎదిగి, ఈడొచ్చాక రాళ్ళ దగ్గరికి పోతాయి. ఆ మధ్య దారంతా వలలే. పెద్దవాళ్ళున్న ఇంటికి కాపలా పెట్టి, పిల్లలు నడిచే దారిని గాలికి వదిలేశాం. దానికి తోడు కొండ మీద చెట్లు నరికాక, వాన పడినప్పుడల్లా మట్టి వంక వెంట దిగి ఆ గడ్డి మీద మేట వేస్తోంది. అందుకే కొండ వాలూ, వంకా, వంపూ, రాళ్ళూ అన్నీ ఒకే గీత లోపలికి రావాలని నివేదికలో రాశాను. నేలని ఒక ఆఫీసూ నీళ్ళని ఇంకో ఆఫీసూ కాపాడుతూ కూర్చుంటే రెండూ మిగలవు.

డైరెక్టరు గారి పటం వేరు. ఆయనకి పైనుంచి ఇంత శాతం అని లక్ష్యం వచ్చింది. ఇంత నేల, ఇంత సముద్రం కాపాడామని చూపించాలి. అందుకని బయటి లోతు సముద్రంలో, మన పడవలు పోనే పోని చోట, పెద్ద నలుచదరం గీయించారు. నేల మీద కొండ వెనకున్న బోడిరాళ్ళు కలిపారు. గడ్డిపరక మొలవని చోట మేత నిషేధం అన్నట్టుంది. శాతం నిండుతుంది, ఎవరూ అద్దాలు పగలగొట్టరు. మీ పడవల సంఘానికి కూడా ఆ పటమే ముద్దొచ్చిందట. సంతకం పెట్టెయ్యమ్మా, అందరం ఇళ్ళకి పోదాం అన్నారు, ఏదో పెళ్ళిపందిట్లో నేనొక్కదాన్నే లేవకుండా కూర్చున్నట్టు.

నేను ఇరుక్కుపోయింది ఇక్కడే. ఆ పటం మీద సంతకం పెడితే నువ్వు ఫోన్ ఎత్తుతావు. లిఫ్టు కదులుతుంది. ఊళ్ళో నాకు మళ్ళీ మర్యాద దొరుకుతుంది. నష్టపోయేవి చేపలూ గడ్డీ, అవి వచ్చి అర్జీ పెట్టుకోలేవు. వాటి వెనకే నువ్వు నష్టపోతావు, కాకపోతే అది ఇంకొన్నేళ్ళకి గానీ తెలియదు, అప్పుడు ఎవరూ నన్ను అనరు. ఇంత సుఖంగా ఉండే అబద్ధం నేనెప్పుడూ చూడలేదు.

నా చేతుల్లో ఏమీ లేదు. లెక్క ఎటు చూపిస్తే అటు చెప్పడమే నా పని.

వదినకి నమస్కారాలు. పాపకి ముద్దులు.

ఇట్లు
నీ చెల్లెలు
సందేహం

(ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని ప్రాణం తీస్తున్నానని నాన్న పెట్టిన పేరు ఇక్కడ ఎవరికీ తెలియదు. ఎవరైనా అలా పిలిచి చాలా కాలమైంది. అందుకని నేనే రాసుకున్నాను.)


ఆగస్టు 11

అన్నయ్యకు నమస్కారాలు. అక్కడ అందరూ బాగున్నారని వదిన చెప్పింది, ఆ మాటే నమ్ముతున్నాను.

నా ఉత్తరం చింపలేదట. రెండుసార్లు చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని రేవుకి వెళ్ళావట. తిరిగొచ్చాక వదినతో ఒకే మాట అన్నావట. అంతా బాగానే రాసింది, వంపు మూసిన ఆ ఏళ్ళన్నీ మనం ఏం తినాలో అందులో ఎక్కడుందో అడుగు అని. వదిన ఆ మాట చెప్పి, నేను కాదమ్మా అడుగుతున్నది, మీ అన్నయ్యే అని మళ్ళీ చెప్పింది. చెప్పాక ఆవిడ కూడా అడిగింది.

నిజమే, ఎక్కడా లేదు. నా గ్రాఫులో కింద ఏళ్ళు ఉంటాయి, పక్కన చేపల బరువు ఉంటుంది. మొదట్లో గీత నేలబారుగా పాకుతుంది, తర్వాత లేస్తుంది. చూసినవాళ్ళంతా ఆ లేచిన చోటునే చూసి బాగుంది అంటారు. ఆ నేలబారు ముక్కలో నీ ఇల్లుందని నీ మాటతో గానీ నాకు తట్టలేదు. అద్దాలు పగిలినప్పుడు కూడా ఇంత సిగ్గుపడలేదు.

అందుకని ఈ వారమంతా కూర్చుని ఇంకో అధ్యాయం రాశాను. మా శాఖ ఇప్పటిదాకా మూసిన చోట్లన్నీ తిరగేశాను. వేటగాళ్ళని అడగకుండా మూసిన చోట గీత కాయితం మీదే ఉండిపోయింది, లోపల చేప పెరగలేదు. వాళ్ళని కలుపుకుని, కాపలా వాళ్ళ చేతికే ఇచ్చి, గడ్డు ఏళ్ళకి తిండి చూపించిన చోట పెరిగింది. అది కూడా లెక్కే కదా. అందుకని ఉత్తరం వంపు మూసినన్నాళ్ళు మీ ఇళ్ళకి నెలనెలా భత్యం, కాపలా ఉద్యోగాలు మీవాళ్ళకే, చేప తిరిగొచ్చాక గీత వెలుపల మొదటి హక్కు మీ పడవలకే అని రాశాను. డైరెక్టరు గారు ఎర్ర పెన్నుతో ఆ అధ్యాయం మొత్తం కొట్టేశారు. మనం చేపల శాఖమ్మా, దానధర్మాల శాఖ కాదు అన్నారు. నేను మళ్ళీ టైపు చేసి పెట్టాను. మళ్ళీ కొట్టేశారు. ఆయన పెన్నులో సిరా అయిపోతే బావుణ్ణు.

ఆయన్ని చెడ్డవాడని రాయలేను. నిన్న సాయంత్రం నా గదికి వచ్చి, కుర్చీ లేక మంచం అంచున కూర్చుని, కళ్ళద్దాలు తుడుచుకున్నారు. తర్వాత, చూడమ్మా, పెద్ద గీత అడిగితే అసలు గీతే లేకుండా పోతుంది, ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నేను చూసిందదే అన్నారు. ఉన్నదాంతో సర్దుకోవడం నేర్చుకో అన్నారు. లేచి వెళ్తూ, ధాన్యం గిడ్డంగుల్లో పురుగుల లెక్క చూసే పోస్టు ఒకటి ఖాళీగా ఉందనీ, నా పేరుతో ఫైలు సిద్ధంగా ఉందనీ కూడా చెప్పారు. అంత మెల్లగా చెబితే బెదిరింపులా అనిపించలేదు, ఆరోగ్యం జాగ్రత్త అన్నట్టే అనిపించింది.

మీ సంఘం పెద్దాయన కూడా వచ్చి వెళ్ళాడు. నేను బయటికి వెళ్ళకూడదు గానీ నా దగ్గరికి ఎవరైనా రావచ్చట! సంచీ నిండా ఆపిల్ పళ్ళు తెచ్చాడు. అమ్మా, మీ అన్నయ్యది ఉత్తరం వంపు, మాది దక్షిణం వంపు, రెండిట్లో దేని మీద గీత పడ్డా ఎవరో ఒకరి పొయ్యి ఆరిపోయినట్టే కదా అన్నాడు. మా వైపు గీస్తే చెల్లెలు అన్నని కాపాడుకుంది అంటారు, మీ వైపు గీస్తే అన్నని నట్టేట ముంచింది అంటారు, ఎందుకమ్మా ఈ తలనొప్పి, ఎవరికీ అక్కర్లేని ఆ లోతు సముద్రం తీసుకుని హాయిగా ఉండరాదూ అన్నాడు. తియ్యగానే మాట్లాడాడు. లెక్క ఎటంటే అటే నండీ అన్నాను. సరే, లెక్కకి దండం అని లేచాడు. పళ్ళు సెక్యూరిటీ అతనికి ఇచ్చేశాను.

ఈ గదిలో నేను చేసే పనేమిటో తెలుసా? మంచం నుంచి తలుపు దాకా, తలుపు నుంచి కిటికీ దాకా నడుస్తాను. లిఫ్టు చప్పుడు విని ఏ అంతస్తులో ఆగిందో చెప్పగలిగేంత అలవాటైంది. లైబ్రరీ మూసేసే ముందు ఒకావిడ వచ్చి కాసేపు కూర్చుంటుంది. మా పటాలన్నీ గీసేది ఆవిడే. కొప్పులో పెన్సిలు గుచ్చుకుని తిరుగుతుంది కాబట్టి అందరం పెన్సిలమ్మ అంటాం. ఈ ఉత్తరాలు పోస్టులో వేస్తున్నది కూడా ఆవిడే. మీ అన్నయ్యని నేనెప్పుడూ చూళ్ళేదు గానీ ఆయన వంపు నాకు కళ్ళు మూసుకున్నా గీయడం వచ్చు అంటుంది.

మొన్న సెక్యూరిటీ అతనికి ఏమనిపించిందో, నేను టీ తాగినంతసేపే నండీ అని డాబా మీదికి తీసుకెళ్ళాడు. నీళ్ళ ట్యాంకుల మధ్య నుంచి, చాలా దూరాన, సముద్రం ఒక వేలంత కనిపించింది. చూడగానే పడవెక్కినట్టే కడుపులో తిప్పింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అతను కంగారుపడి కుర్చీ తెచ్చాడు, నవ్వుతూ ఏడుస్తున్న మనిషికి ఏం ఇవ్వాలో తెలియక తన టీ కూడా నాకే ఇచ్చేశాడు.

విచారణకి నన్ను పంపకూడదని ముందు అనుకున్నారు. ఒంట్లో బాగాలేదని చెబుతాం, నివేదిక ఇంకొకరు చదువుతారు అన్నారు. అయితే కమిటీ అధ్యక్షురాలు, ఆ చేపల్ని లెక్కపెట్టిన మనిషే వచ్చి మాట్లాడాలి అని రాతపూర్వకంగా అడిగిందట. ఇక తప్పలేదు. నువ్వూ వస్తావని విన్నాను. వచ్చి ఎటు కూర్చుంటావో నాకు తెలుసు. ఎటు కూర్చున్నా సరే, రా.

ఇట్లు
నీ చెల్లెలు
సందేహం


ఆగస్టు 20

ప్రియమైన అన్నయ్యకు అనేక నమస్కారాలు.

ఎలా ఉన్నావని ఈసారి అడగను. నిన్ను చూశాను. బాగా చిక్కావు. 

నువ్వు అక్కడే ఉన్నావు కాబట్టి జరిగిందంతా నీకు తెలుసు. అయినా నేను నిలబడ్డ చోటు నుంచి ఎలా కనిపించిందో చెప్పాలని ఉంది, ఎందుకంటే అయిపోయాక నువ్వు నాతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా వ్యాను ఎక్కేశావు.

ఆ హాల్లోకి నన్ను వెనక తలుపు నుంచి తీసుకొచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలు, తిరిగీ తిరగని ఫ్యాన్లు, ముట్టుకుంటే కీచుమనే మైకు. మూడో వరసలో నువ్వు. పాప పుట్టినప్పుడు కొనుక్కున్న నీలం చొక్కా వేసుకున్నావు. చేతులు కట్టుకుని కూర్చున్నావు. వదిన పక్కనే ఉంది, నన్ను చూసి చెయ్యి ఎత్తబోయి నీ మొహం చూసి కొంగు సర్దుకుంది.

డైరెక్టరు గారు తన పటం చూపించినప్పుడు అధ్యక్షురాలు అడిగిన ప్రశ్న జన్మలో మరచిపోను. ఈ నలుచదరంలో ఇప్పుడు ఎవరు వేటాడుతున్నారండీ అంది. ఎవరూ లేరండి అన్నారాయన, అదేదో గొప్పగా. మరి ఎవరి నుంచి కాపాడుతున్నారు అందావిడ. మీ వరసల్లో కూడా నవ్వారు, నేను చూశాను. నువ్వు నవ్వలేదు.

తర్వాత నా వంతు. రాళ్ళ దగ్గరి లెక్క, తల్లి చేపల లెక్క, పిల్లల దారి, కొండ మట్టి, అన్నీ నీకు మొదటి ఉత్తరంలో రాసినట్టే చెప్పాను. కష్టమైన మాట నోట్లోకి వచ్చినప్పుడల్లా నిన్ను చూసి దాన్ని మార్చుకున్నాను. కొట్టేసిన అధ్యాయం కాయితాలు బ్యాగులో ఉన్నాయి, తీసి అదీ చదివేశాను. డైరెక్టరు గారు లేవబోయారు. అధ్యక్షురాలు కూర్చోమని చేత్తోనే సైగ చేసింది. పటం తెర మీద వేసి, కొండ దగ్గర్నుంచి ఉత్తరం వంపు మీదుగా రాళ్ళ దాకా ఉన్న గీతని చూపించగానే హాలంతా లేచింది. ఎవడో దీన్ని దించండ్రా అన్నాడు. ఇంకెవడో సొంత అన్న కడుపు కొడుతోంది, ఇదేం ఆడదిరా అన్నాడు. మైకు కీచుమంది.

అప్పుడు నువ్వు లేచావు. ఒక్కసారిగా అందరూ ఎలా ఊరుకున్నారు అన్నయ్యా? పడవ మీద నాన్న ఇలాగే లేచి నిలబడేవాడు.

కొండ మాట సరే, గడ్డి మాట సరే, ఒక్కటి చెప్పు అన్నావు. ఈ గీత ఉత్తరం వంపు మీదే పడాలని నీ లెక్క చెప్పిందా, నువ్వు చెప్పావా అన్నావు.

లెక్కే చెప్పింది అన్నాను.

నువ్వు నావైపు చూశావు. తర్వాత వెనక్కి తిరిగి మీవాళ్ళతో, మా చెల్లెలు చిన్నప్పట్నుంచీ ప్రశ్నలేసి నన్ను విసిగించింది గానీ ఏనాడూ నాతో అబద్ధం ఆడలేదు, లెక్క చెప్పిందంటే చెప్పినట్టే అన్నావు. ఆ చదివిన తిండి సంగతీ కాపలా సంగతీ ఆర్డరులో రాసివ్వండి, మా వంపు మేమే మూసుకుంటాం అన్నావు. అని కూర్చున్నావు. నీ పక్కవాడు తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

కమిటీ ఆర్డరు మొన్న వచ్చింది. నీకూ అందే ఉంటుంది. కొండ వాలు మీద నరకడం వెంటనే ఆపాలి. వంకా, ఉత్తరం వంపూ, రాళ్ళూ ఒకే రక్షిత ప్రాంతం. మూసినన్నాళ్ళూ మీ ఇళ్ళకి భత్యం, కాపలా మీవాళ్ళదే. డైరెక్టరు గారు ఫోన్ చేసి అభినందనలు అన్నారు. మన శాతానికి కాస్త తక్కువ వచ్చింది గానీ ఫర్వాలేదులే అన్నారు. పురుగుల పోస్టు సంగతి ఎత్తలేదు. పెన్సిలమ్మ కొప్పులోంచి పెన్సిలు తీసి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

కార్డు ఇచ్చేశారు. లిఫ్టు నేను పిలిస్తే వస్తుంది. సెక్యూరిటీ అతను, ఇంక మీ ఇష్టం మేడమ్, ఎక్కడికైనా వెళ్ళొచ్చు అన్నాడు. అయినా రెండు రోజులుగా ఈ గదిలోనే ఉన్నాను. సంచీ సర్దుకుని తలుపు దాకా వెళ్తాను. మళ్ళీ వచ్చి మంచం మీద కూర్చుంటాను. కిందికి దిగితే బస్సెక్కాలి, బస్సెక్కితే మన వీధిలో దిగాలి. దిగితే నువ్వు వాకిట్లో ఉంటావు, వల తీసి ఎండలో ఆరేసి, మళ్ళీ ఎప్పుడు పని పడుతుందో తెలియక దాన్నే చూస్తూ కూర్చుని ఉంటావు. రా, లోపలికి రా అంటావు. అనకపోతే నయం. నువ్వు తిట్టి తలుపు వేసేస్తే ఆ బయట ఎలా నిలబడాలో నాకు తెలుసు. నువ్వు నన్ను నమ్మి లోపలికి పిలిస్తే ఎలా కూర్చోవాలో తెలియడం లేదు.

వదినకి చెప్పు, హాల్లోంచి బయటికి వచ్చేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసింది ఆవిడేనని నాకు తెలుసునని. తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

ఎప్పటికీ
నీ చెల్లెలు
సందేహం

తా.క. ఇక్కడినుంచి ఒక్కడివే చదువు, వదినకి తర్వాత చెప్పుకోవచ్చు. లెక్క ఉత్తరం వంపు అని చెప్పలేదు అన్నయ్యా. రెండు వంపుల్లోనూ గడ్డి ఒకేలా ఉంది, పిల్ల చేపలు ఒకేలా ఉన్నాయి, రెండు వంకలూ ఆ కొండ మీంచే దిగుతాయి. రెండింటిలో ఏ ఒక్కటి మూసినా రాళ్ళ దగ్గర చేప నిలుస్తుందనే వచ్చింది. ఎన్నిసార్లు చేసినా ఇది మేలు, అది తక్కువ అనేంత తేడా రాలేదు. పెన్సిలమ్మ రెండు పటాలు గీసింది. దక్షిణం వంపు పటాన్ని నివేదికలోంచి తీసేసింది నేను. మీ సంఘం పెద్దాయన అన్నది నిజం, అటు గీస్తే చెల్లెలు అన్నని కాపాడుకుందన్న మాట ఒక్కటే మిగిలి, ఇన్నేళ్ళ పనీ కొట్టుకుపోయేది. అయితే అసలు కారణం అది కూడా కాదు. దక్షిణం వంపువాళ్ళు సరేనని తలూపి, ఎవరూ చూడనప్పుడు వల వేసుకుంటారు. నువ్వు వెయ్యవు. ఇంకొకర్ని వెయ్యనివ్వవు. గీత నిలవాలంటే నీలాంటి మనిషి ఉన్నచోట పడాలని, నీ మీదే గీశాను. లెక్క చెప్పిందా నువ్వు చెప్పావా అని నువ్వడిగిన దానికి, నేనే చెప్పాను అని జవాబు. అభ్యంతరాలకి వచ్చే నెలాఖరు దాకా గడువుంది. రెండో పటం ఈ కవర్లోనే పెడుతున్నాను. దీన్ని అధ్యక్షురాలికి చూపిస్తే మొత్తం ఆర్డరు రద్దవుతుంది. నా ఉద్యోగం పోతుంది, ఆ లోతు సముద్రంలో నలుచదరం మిగులుతుంది, నీ వంపు నీకు వస్తుంది. చూపించమని గానీ వద్దని గానీ అనే నోరు నాకు లేదు. నువ్వు చూపించవని నాకు తెలుసు. అది తెలిసే ఇంత ధైర్యంగా పంపుతున్నానా అన్నది మాత్రం, నన్ను నేను ఎంత అడిగినా, నాకే తేలడం లేదు.